పాడేరులో చల్లగా ఉండమనకూడదు

నలభై మైళ్ళు లేని ప్రయాణానికి యాత్రా కథనం ఏమిటని మా బళ్ళో లెక్కల మేష్టారు ఇప్పటికే నవ్వాడు. నవ్వనివ్వండి. చోడవరంలో ఉన్నవాళ్ళం అందరం ఆ నీలం కొండల్ని రోజూ చూస్తాం గాని, ఎక్కి వచ్చినవాళ్ళు మా వీధిలో ఇద్దరు లేరు. పైకి వెళ్తే జ్వరం పట్టుకుంటుందనీ, చలికి పళ్ళు ఊడిపోతాయనీ చెప్పేవాళ్ళకి మాత్రం కొదవ లేదు. నేను వెళ్ళి మూడు రోజులు ఉండి వచ్చాను. పళ్ళు ఉన్నాయి. పోయినవి వేరే ఉన్నాయి, అవి తరవాత చెబుతాను.

చోడవరం

ముందు నా సంగతి చెప్పాలి. నేను వేసవి మనిషిని. మా నాన్న బెల్లం వండేవాడు. చలికాలం పొద్దున్నే పెనం కింద పొయ్యి భగభగమంటుంటే, పక్కన గోనె పరుచుకుని కూర్చుని, చెరకు చెక్క మీద వేడి పాకం వేయించుకుని నాకుతూ పెరిగాను. అప్పటినుంచీ వేడంటే నాకు ప్రాణం. రోహిణి కార్తెలో ఊరంతా ఉసూరుమంటుంటే నేను మాత్రం వీధి అరుగు మీద తాటాకు విసనకర్ర పట్టుకుని జమీందారులా పడుకుంటాను. కార్తీకం వచ్చిందంటే మెడకి మఫ్లరు చుడతాను, మాఘం వెళ్ళేదాకా విప్పను. పిల్లలు నన్ను మఫ్లరు మేష్టారంటారని తెలుసు. తెలియనట్టు ఉంటాను, అది మేష్టర్ల ధర్మం.

మా ఆవిడ రత్నం దీనికి పూర్తిగా ఎదురు. చలికాలం వస్తే ఆవిడ ముఖం విచ్చుకుంటుంది, కూనిరాగాలు తీస్తుంది. ఫాల్గుణం దాటిందో లేదో చెమటకాయలు, చిరాకు, మాటకి ముందు నిట్టూర్పు. వేసవిలో ఆవిడ చేతి వంట కూడా దారి తప్పుతుంది. పులుసులో ఉప్పు ఎక్కువైపోతుంది. "ఎండ తగిలితే నీకు నాలిక పని చెయ్యదే" అని పదకొండేళ్ళుగా వేళాకోళం చేస్తున్నాను. ఆవిడ మజ్జిగ ఇంకాస్త పోసి వెళ్ళిపోతుంది.

ఇలా కాపురం ఏడాదికి ఆరు నెలలు నా రాజ్యం, ఆరు నెలలు ఆవిడ రాజ్యంగా నడుస్తుండగా, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి చలికాలంలో ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పాడేరులో కొత్త బడి తెరుస్తారట. పెద్ద మేష్టరుగా వెళ్ళడం ఇష్టమో కాదో నెలాఖరులోగా రాసి పంపమన్నారు.

"పాడేరంటే వేసవిలో కూడా చల్లగా ఉంటాదట కదండీ! ఎల్లిపోదారండి" అంది రత్నం, కాగితం నా చేతిలోంచి లాక్కుని.

పన్నెండు నెలలూ మఫ్లరా! కాదంటే ఏడాది పొడుగునా ఆ నిట్టూర్పులు నేను వినాలి. ముల్లుని ముల్లుతోనే తీయాలన్నారు. పుష్య మాసం నడుమ, చలి ముదిరి ఉన్న రోజుల్లో ఆవిణ్ణి అక్కడికి తీసుకుపోయి నాలుగు రోజులు వణికిస్తే, "బాబోయ్, ఈ చలి మనకొద్దండీ" అని తనే అంటుంది. నా మీద మాట ఉండదు. బడికి సెలవులు రాగానే రెండో తరగతి చదివే మా గుంటణ్ణి కె.కోటపాడులో వాళ్ళ అమ్మమ్మ దగ్గర దింపి బయల్దేరాం. ఆవిడ సంతోషంగా, నేను అంతకంటే సంతోషంగా.

మాడుగుల

మాడుగుల బస్సు దిగేసరికి మధ్యాహ్నం. ఇక్కడికి వచ్చి హల్వా తినకపోతే వచ్చినట్టే కాదు. ఒక కొట్లో పావు వీశ పది అణాలన్నాడు. మా ఊళ్ళో ఆ డబ్బుకి జంతికలూ మిఠాయీ కలిపి సంచీ నిండా వస్తాయి గాని, అడ్డాకులో కట్టి ఇచ్చిన ఆ హల్వా నోట్లో వేసుకున్నాక బేరం మాట మరిచిపోయాను. నెయ్యి వేళ్ళమీదినుంచి మణికట్టు దాకా జారింది.

కొట్టు ఆసామి నా మఫ్లరు వంక జాలిగా చూశాడు.

"పైకెల్తన్నారా బాబూ? ఆ గుడ్డ ముక్కేటి సరిపోద్ది! ఇంకో పావు వీశ కట్టించుకోండి. ఇది ఒంటికి ఏడి సేస్తాది."

"మరి వేసవిలో వస్తే ఏం చెప్పి అమ్ముతావు?" అని అడిగింది రత్నం.

ఆయన తడుముకోలేదు. "ఏసంగిలో సలవ సేస్తాదమ్మా!"

రత్నం అంత గట్టిగా నవ్వడం బజార్లో నేనెప్పుడూ చూడలేదు. ఒకే వస్తువు చలికాలం వేడి, వేసవిలో చలవ! ఇంత ఉపయోగమున్నదాన్ని వదులుకోలేక ఇంకో పావు వీశ కట్టించాం. ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం. చలి బాగానే ఉంది. రత్నం దుప్పటి కాళ్ళ దగ్గరికి తన్నేసి హాయిగా నిద్రపోయింది. రేపు చూద్దాం అనుకున్నాను.

ఘాటీ

పైకి వెళ్ళడానికి దొరికింది ఉప్పు లారీ. సంతకి ఉప్పు తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు పసుపూ చింతపండూ తెస్తుంది. ముందు సీటులో ఒక్కరికే చోటు. అక్కడ రత్నం కూర్చుంది, నేను వెనకాల ఉప్పు బస్తాల మీద.

డ్రైవరు అప్పలస్వామి నలభై ఏళ్ళ మనిషి, పొడుగ్గా, తాపీగా ఉంటాడు. సగం ఘాటీ ఎక్కాక ఒక మలుపులో బండి ఆపి, రేడియేటరులో నీళ్ళు పోశాడు.

"ఈ మలుపు దాక ఏడి దేశం బాబూ. నీల్లు మరిగిపోతాయి. ఇది దాటితే ఇంక పొయ్యక్కర్లేదు" అన్నాడు.

"నీకు ఏది ఇష్టం, ఆ దేశమా ఈ దేశమా?" అన్నాను.

"కిందున్నప్పుడు పైనుంటే బాగున్ననిపిస్తాది, పైనున్నప్పుడు కింద. ఈ మలుపులోనే ఒక పాకేసుకుందునా అనుకుంటాను. కాని ఇక్కడ టీ కొట్టు లేదు కదండీ."

అతను చెప్పినట్టే ఆ మలుపు దాటగానే మంచు కమ్ముకుంది. మంచు నీటికి బస్తాలు చెమర్చాయి, బస్తాల మీద నా పంచె నానింది. పాడేరులో దిగేసరికి నడుము దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా ఉప్పు నీరు. గాలికి ఆరి తెల్లగా అట్టలు కట్టింది. నడిస్తే ఒరుసుకుపోతోంది.

అప్పలస్వామి నన్ను చుట్టూ తిరిగి చూశాడు. "ఊరగాయెట్టినట్టున్నారు మేష్టారూ. ఏడాది దాక పాడవరు."

ఆ ఒక్క మాటకి పాడేరులో మూడు రోజులూ రత్నం నన్ను చూసి నవ్వుతూనే ఉంది.

పాడేరు

బడికి ఇస్తామన్న ఇల్లు చిలకమ్మ అనే ముసలమ్మది. ముందు భాగం బడికి, వెనక భాగంలో ఆవిడా, కొడుకూ, కోడలూ, నెల కూడా నిండని మనవడూ. మమ్మల్ని కూడా వెనక భాగంలోనే ఉండమంది. చుట్టూ వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయని తప్ప ఊరి అందం గురించి ఎక్కువ చెప్పలేను. నేను బయటికి చూసింది తక్కువ. లోపల ఇంటి నడిమధ్యన ఒక పొయ్యి ఉంది. దాని పక్కన కూలబడ్డవాణ్ణి దాదాపు అక్కడే ఉండిపోయాను.

మా వైపు పొయ్యి ఇంట్లో ఒక మూల ఉంటుంది, దాని దగ్గరికి వెళ్ళేది ఒక్కరే. ఆ ఇంట్లో అలా కాదు. పొయ్యి ఎక్కడుంటే అక్కడే అందరూ. చిలకమ్మ కొడుకు దాని దగ్గరే కత్తి నూరుకుంటాడు, కోడలు బిడ్డకి పాలిస్తుంది, ఒక పెట్ట పిల్లల్ని వెంటేసుకుని వచ్చి వెచ్చ చేసుకుని పోతుంది. వచ్చిన చుట్టం కుండ పక్కనే కూర్చుని కుండతోనే కబుర్లు చెప్పినట్టు మాట్లాడతాడు.

వెళ్ళగానే ఒక తప్పు చేశాను. పసివాణ్ణి చూపిస్తే చేతిలో అర్ధ రూపాయి పెట్టి, పెద్దవాణ్ణి కదా అని దీవించాను. "చల్లగా ఉండాలి నాయనా!"

కోడలు ఉలిక్కిపడి బిడ్డని గుడ్డలో చుట్టేసి గుండెకి హత్తుకుంది. చిలకమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అదేటి బాబూ! పసిగుడ్డుని పట్టుకొని ఆ మాటంటావు?"

"దీవెనే అవ్వా. మా వైపు అలాగే అంటాం."

"మీ కాడ ఎండలు గాబట్టి అనుకుంటారు గావాల. నాను మాత్తరం ఒప్పుకోను. ఒల్లు సల్లబడ్డాదంటే ఏటో నీకు తెల్దా? ఎచ్చగుండమని సెప్పు."

నేను తెలుగు మేష్టర్ని. పద్నాలుగేళ్ళుగా పిల్లలకి మాటల అర్థాలు చెబుతున్నాను. 'ఒళ్ళు చల్లబడింది' అంటే ఏమిటో, 'చల్లగా ఉండు' అంటే ఏమిటో నాకు విడివిడిగా తెలుసు. ఆ రెంటిలో ఉన్నది ఒకే మాట అని ఒక్కనాడూ తోచలేదు. సిగ్గుపడి, వంగి, వాడి నుదుటిమీద చెయ్యి పెట్టి, "వెచ్చగా ఉండు నాయనా, నూరేళ్ళు వెచ్చగా ఉండు" అన్నాను. చిలకమ్మ గరిటె మళ్ళీ కదిలింది.

పాల కుండ

రెండో రోజు వచ్చిన కష్టం పెరుగు. మేము పెరుగు లేకపోతే అన్నం తిన్నట్టు భావించని మనుషులం. ముందు రోజు తోడు పెట్టిన పాలు పొద్దున్నకి పాలుగానే ఉన్నాయి. నేను లోలోపల సంతోషించాను. పెరుగు లేని ఊళ్ళో రత్నం ఎన్నాళ్ళు ఉంటుంది!

"దానికీ సలేసిందమ్మా. గుడ్డ సుట్టి పొయ్యి పక్కనెట్టు" అంది చిలకమ్మ.

రత్నం చుట్టూ చూసింది. ఆవిడ చూపు నా మెడ మీద ఆగింది.

"వద్దే. ఇది లేకపోతే నేను పోతాను."

"ఒక్క పూటండీ. పొయ్యి పక్కనే కూకోండి, మీకేటవుతాది?"

అలా కార్తీకం నుంచి నా మెడ దిగని మఫ్లరు పుష్యంలో, పాడేరులో, పాల కుండకి చుట్టుకుంది. నాకు పొయ్యి తప్ప గతి లేకపోయింది. సాయంత్రానికి పెరుగు గడ్డలా తోడుకుంది. కాస్త మఫ్లరు వాసన వచ్చిందని నేనన్నాను, రాలేదని రత్నం అంది. ఇద్దరం మిగల్చకుండా తిన్నాం.

అసలు సంగతి ఏమిటంటే, పెళ్ళైన పదకొండేళ్ళలో మా ఆవిడ వంట చేస్తుంటే పక్కన కూర్చోవడం నాకు అదే మొదలు. అన్నం ఉడికినంతసేపూ మాట్లాడుకున్నాం. చోడి అంబలి కాచినంతసేపూ మాట్లాడుకున్నాం. ఆవిడ ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంటుంది. పుట్టుమచ్చ అనుకున్నాను ఇన్నాళ్ళూ. మంట వెలుగులో అది నిగనిగలాడుతుంటే, "ఇది పుట్టినప్పటినుంచీ ఉందా?" అని అడిగాను.

"పుట్టుమచ్చేటండీ! బెల్లం పాకం పడింది. ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న పెనం కాడ."

"మీ నాన్న బెల్లం వండేవాడా?"

"రెండేళ్ళు వండేడు. తరవాత మానేసేడు. మీకు చెప్పేను కదా, పెళ్ళైన కొత్తలో."

చెప్పే ఉంటుంది. అరుగు మీద పడుకుని విన్న మాటలు ఏం గుర్తుంటాయి! అంటే నేను చెరకు చెక్క మీద పాకం నాకుతున్న రోజుల్లో, పది మైళ్ళ అవతల అదే పాకం ఈవిడ చెయ్యి కాల్చింది. నాకు వేడంటే ఎందుకు ఇష్టమో ఊరందరికీ చెప్పాను. ఆవిడకి ఎందుకు ఇష్టం లేదో అడగలేదు. నాకు నా మీద కోపం వచ్చింది, నిజం.

కట్టె ఎగదోస్తూ రత్నమే అంది. "మీకు నిజంగా ఎండంటే ఇష్టమా, ఎండలో నేను తెచ్చే మజ్జిగంటే ఇష్టమా?"

చిలకమ్మ మా వంక చూసి బోసి నోటితో నవ్వింది.

సంత

మూడో రోజు సంత. అణాకి ఎనిమిది నారింజలు. మా ఊళ్ళో రెండు కూడా ఇవ్వరు, ఇచ్చినా పుల్లనివి ఇస్తారు. మా అప్పలస్వామి తెచ్చిన ఉప్పు అక్కడ బంగారం. కొండల మీదినుంచి నడిచి వచ్చిన ఆడవాళ్ళు పసుపు కొమ్ములు పోసి ఉప్పు తీసుకుంటున్నారు. అందులో ఒక బస్తా నేను కూర్చుని వచ్చింది. ఆ సంగతి ఎవరికీ చెప్పవద్దని రత్నానికి సైగ చేశాను.

సంతలో ఒక గొంగళి కొన్నాను. అది ఎవరికని రత్నం అడిగింది. పాల కుండకి అన్నాను.

కాని నా పన్నాగం ఏమైందని మీరు అడగాలి. మూడు రోజులైనా రత్నం నోట 'బాబోయ్' రాలేదు. తెల్లవారుజామున చెంబుడు చన్నీళ్ళు ముఖాన కొట్టుకుని పిల్లలా కేరింతలు కొట్టింది. ఆవిణ్ణి చూస్తుంటే ముచ్చటేసిన మాట దాచను. అయినా నా పట్టు నాదే. పొయ్యి పక్కనైతే సరేగాని, బళ్ళో పాఠం చెప్పేటప్పుడు పొయ్యి మోసుకుపోతానా? వద్దని రాసేద్దామని నిశ్చయించుకున్నాను. ఆరోగ్య కారణాలు అంటే ఆఫీసులో ఎవరూ మారు అడగరు.

దిగుదల

వచ్చేటప్పుడు అదే లారీ, ఈసారి పసుపు బస్తాలు. చిలకమ్మ లారీ దాకా వచ్చింది. "ఎచ్చగుండండి బాబూ, ఇద్దరూ" అని మా ఇద్దరి తలలమీదా చెయ్యి పెట్టింది. బళ్ళోకి ఎప్పుడొస్తారని అడిగితే నేను నసిగాను. రత్నం తల వంచుకుంది.

టీ కొట్టు లేని ఆ మలుపు దాటగానే ఎండ తగిలింది. మఫ్లరు విప్పి, కాళ్ళు బారజాపి, పిల్లిలా ఒళ్ళు విరుచుకున్నాను. ఇదీ నా దేశం! మాడుగులలో దిగేసరికి పంచె పసుపుపచ్చన. పోతూ ఉప్పు, వస్తూ పసుపు, ఇంక కారం ఒక్కటే తక్కువని అప్పలస్వామి అన్నాడు.

బస్సులో నా నిశ్చయం చెప్పాను. ఛాతీ మంచిది కాదు, గుంటడి చదువు, అదీ ఇదీ. రత్నం అంతా విని, "మీ ఇష్టం" అంది. ఆ రెండు మాటలకి నిఘంటువులో ఉన్న అర్థం వేరు, ఇంట్లో ఉన్న అర్థం వేరు. పెళ్ళైన మగవాడికి విడమర్చి చెప్పక్కర్లేదు.

మళ్ళీ చోడవరం

మర్నాడు ఆదివారం. జవాబు సోమవారం టపాలో వెయ్యాలి. కలం, కాగితం పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఎందుకో ఊసుపోలేదు. మూడు రోజుల అలవాటు, కుండ పక్కన కూర్చోకపోతే ఏదో మరిచినట్టుంది. పీట తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

"ఏటండీ, ఏటి కావాలి?" అంది రత్నం కంగారుగా.

"ఏమీ వద్దు. ఊరికే."

మా వంటిల్లు మీకు చెప్పలేదు. నాకే సరిగ్గా తెలియదు గనక. పడమటి వైపు వంగిన పెంకు కప్పు, లేస్తే తలకి తగులుతుంది. మనిషి తల పట్టనంత కిటికీ. పొయ్యిలో చెరకు పిప్పి. మంట ఒక్కసారి లేచి ముఖాన కొడుతుంది, పొగ పోవడానికి దారి లేక మన చుట్టూనే తిరుగుతుంది. చిలకమ్మ పొయ్యి దగ్గర వేడి మన దగ్గరికి వచ్చి కూర్చునేది. ఇక్కడ మీద పడి గొంతు పట్టుకుంది. అన్నం ఒక పొంగు వచ్చేసరికి నా చొక్కా తడిసింది. మఫ్లరు ఎప్పుడు విప్పానో తెలియదు.

"వేడి మనిషినన్నారు?" అంది రత్నం, కంటి కొసల్లోంచి చూస్తూ.

"ఇలా ఉంటుందా ఇక్కడ!"

"ఇది పుష్యమండీ. చల్లగా ఉన్నట్టే."

కనుబొమల మీదినుంచి చెమట దిగి కళ్ళు మండాయి. తుడుచుకుంటూ అడిగాను. "మరి రోహిణి కార్తెలో?"

ఆవిడ పులుసులో ఉప్పు వేస్తోంది. ఆ చెయ్యి ఆగింది.

"చెమట కళ్ళల్లో పడి మండుతాదండి. కళ్ళు మూసేస్తాను. తెరిచేక, ఉప్పు వేసేనో లేదో తెలీదు. వెయ్యలేదేమో అని మళ్ళీ వేస్తాను." మామూలుగా చెప్పింది, అత్తెసరు ఎలా వెయ్యాలో చెప్పినట్టు. "అంతే."

పదకొండు వేసవులు. నీకు నాలిక పని చెయ్యదే అని, అరుగు మీదినుంచి.

గంజి వార్చేదాకా కూడా ఉండలేకపోయాను, దగ్గొచ్చింది. లేచి, కప్పుకి తల కొట్టుకుని, అరుగు మీదికి వచ్చి కాగితం ముందేసుకున్నాను. ఆరోగ్య కారణాలు అన్న మాట రాయలేదు. పాడేరు వెళ్ళడానికి సమ్మతమే, ఎండలు ముదరకముందే పంపిస్తే మరీ సంతోషం అని రాసి సంతకం చేశాను. పోయినవి ఉన్నాయన్నాను కదా, అవి ఇవే. వేడి మనిషినన్న బిరుదు ఒకటి, నాకు అన్నీ తెలుసన్న నమ్మకం ఒకటి.

అన్నాలు తినేటప్పుడు కాగితం ఆవిడ చేతికిచ్చాను. రెండుసార్లు చదివింది. కాగితం మడిచి కొంగుకి ముడేసుకుని, నా విస్తట్లో పులుసు పోసింది. పులుసులో ఉప్పు సరిగ్గా ఉంది.

"ఏమీ అనవేంటే?" అన్నాను.

రత్నం తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటూ, చాలా వినయంగా అంది:

"ఏటంటానండీ? అంతా మీ చలవ."